అన్నా, నేనూ విన్న విచారణ

కారులో పాటలు ఆపి వార్తలు పెట్టింది నేనే. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తే మిగతావి చెప్పడం కాస్త సులువవుతుంది.

అప్పటికి ఆరేళ్లుగా మేమిద్దరం ఒకే కారులో ఆఫీసుకి వెళ్తున్నాం. ఇళ్లు కమ్మింగ్‌లో, పక్కపక్క సబ్‌డివిజన్లలో. ఆఫీసులు అట్లాంటాకి ఇవతల పెరిమీటర్ దగ్గర, ఒకే పార్కింగ్ డెక్ ఉన్న రెండు బిల్డింగుల్లో. ఫోర్ హండ్రెడ్ హైవే మీద పొద్దున గంట, సాయంత్రం గంటంబావు. ఒక వారం ఆయన కారు, ఒక వారం నాది. హైవే ఎక్కే ముందు, ఒక కారు వదిలి ఇంకోదాంట్లో కలిసి వెళ్లేవాళ్ల కోసం ఉన్న పార్క్ అండ్ రైడ్ లాట్‌లో ఏడుంబావుకి కలిసేవాళ్లం.

ఆయన నాకన్నా నాలుగేళ్లు పెద్ద. కరీంనగర్ వైపు మనిషి. నాది ఒంగోలు. ఆయన నన్ను ‘తమ్మీ’ అనేవాడు, నేను ‘అన్నా’ అనేవాణ్ణి. ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను. కన్సల్టింగ్ కంపెనీ తరఫున ఒక పెద్ద కంపెనీలో డేటాబేస్ పని చేసేవాడు. హెచ్‌వన్ వీసా మీద వచ్చి పన్నెండేళ్లు. గ్రీన్ కార్డు క్యూలో నిలబడి చాలా కాలమైంది, అది కదిలేది కాదు. నేను ఆయనకన్నా ఆరేళ్లు ముందొచ్చాను. క్యూ పొట్టిగా ఉన్నప్పుడు నిలబడ్డాను కాబట్టి నాకు గ్రీన్ కార్డూ, తర్వాత సిటిజన్‌షిప్పూ వచ్చేశాయి. అందులో నా గొప్పేమీ లేదు. కానీ గొప్ప ఉందన్నట్టే ఉండేవాణ్ణని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఆరేళ్లలో మేం కారులో మాట్లాడుకోని విషయం లేదు. రాష్ట్రం రెండుగా విడిపోవడం గురించి కూడా మాట్లాడుకున్నాం. ఆయన ఆ పక్క, నేను ఈ పక్క. దాని మీద ఊళ్లో బంధువులే మాటలు మానుకున్నారు. మేం మాత్రం కొట్టుకోలేదు. నేను కాస్త బాధపడితే ఆయన జీడిపప్పు డబ్బాలో తెచ్చిన సకినాలు నా ఒళ్లో పెట్టి, “తిను తమ్మీ, రాష్ట్రం పోయినా సకినాలు నీకు బందుగావు” అనేవాడు. నవ్వేసేవాళ్లం. అలాంటి మేం పోట్లాడుకున్నది మేమెప్పుడూ చూడని, చూడబోని ఒక మనిషి కోసం.

అధ్యక్షుడి మీద విచారణ మొదలైంది. ఏ అధ్యక్షుడో, ఏ విచారణో రాయను. రాస్తే చదివేవాళ్లలో సగంమంది నా వైపు, సగంమంది అన్న వైపు చేరిపోయి, అసలు సంగతి పక్కకు పోతుంది. నేను విచారణ జరగాలన్న పక్షం. అధ్యక్షుడు తప్పు చేశాడనీ, అది తేలుతుందనీ, పదవి పోతుందనీ నమ్మాను. అన్న అధ్యక్షుణ్ణి వెనకేసుకొచ్చేవాడు.

మొదట్లో సరదాగానే ఉండేది.

“చూస్తూ ఉండన్నా, సమ్మర్ లోపల రిజైన్ చేస్తాడు.”

“గింత దానికే చేస్తడా? ఆ రేడియో ఇని ఇని నువ్వు ఖరాబైతున్నవ్ తమ్మీ.”

“నువ్వు ఫోన్‌లో చూసే వీడియోలకన్నా నయమేలే.”

అదివరకు నా వారంలోనూ ఆయన వారంలోనూ కారులో పాటలే వచ్చేవి. ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ రెండో చరణం నుంచి అందుకునేవాడు. గొంతు బాగుండేది కాదు కానీ శ్రుతి తప్పేవాడు కాదు. విచారణ మొదలయ్యాక నా వారంలో పాటలు ఆపేసి వార్తలు పెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఆయన వారంలో కూడా నేనే చెయ్యి చాచి స్టేషన్ మార్చేవాణ్ణి. దానికీ ఏమీ అనలేదు.

కొన్నాళ్లకు సెనెట్‌లో సాక్షుల్ని పిలిచి అడగడం మొదలైంది. రేడియోలో లైవ్ ఇచ్చేవారు. ఒక పొద్దున వాన పడుతోంది, ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోయింది. అన్న డ్రైవ్ చేస్తున్నాడు. సాక్షి ఇంకా కుర్చీలోకి రాలేదు, యాంకర్లు ఏదో మాట్లాడుతున్నారు. అప్పుడు అన్న ఉన్నట్టుండి అన్నాడు.

“నీకెప్పుడు చెప్పలే గానీ తమ్మీ, మా బాపు హెడ్మాష్టరుండె. టెన్త్ పేపర్ లీకైందని ఆయన మీద ఎంక్వైరీ ఏసిండ్రు. నేనప్పుడు ఎనిమిదిల ఉన్న.”

“ఔనా?” అన్నాను, చెవి రేడియో మీదే పెట్టుకుని.

“ఎంక్వైరీ అంటే ఏందో నాకు గప్పుడే తెల్సింది. ఫైల్ తెరిసిన్నాడే ఊరంత తీర్పు చెప్పేస్తది. మేం బజార్ల పోతుంటే...”

“ఒక్క నిమిషం అన్నా, సాక్షి వచ్చాడు” అని నేను వాల్యూమ్ పెంచాను.

ఆయన ఆగిపోయాడు. ఆ సాక్షి ఆ రోజు ఏం చెప్పాడో ఇప్పుడు నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. బజార్లో ఏం జరిగిందో, ఆ హెడ్మాస్టరు గారి సంగతి ఏమైందో అన్న మళ్లీ ఎత్తలేదు. నేను అడగనూ లేదు. ఇన్నేళ్లు నా పక్కన కూర్చున్న మనిషి, తను అలా ఎందుకు ఆలోచిస్తున్నాడో ఒకే ఒక్కసారి చెప్పబోయాడు. నాకు మాత్రం అది వాదనలో ఆయన తెచ్చిన ఇంకో పాయింటులా అనిపించింది. అది వేరు, ఇది వేరు అని జవాబు కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను.

ఇంటి దగ్గర తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు కూడా అప్పుడే పాడైంది. అంతకుముందు అందులో ఎవరింట్లో కరివేపాకు ఉంది, ఎయిర్‌పోర్టుకి ఎవరు డ్రాప్ చేస్తారు, మంచి డెంటిస్ట్ ఎవరు, ఇవే ఉండేవి. నేను రోజూ పొద్దున్నే విచారణ మీద ఒక వ్యాసం పెట్టేవాణ్ణి. దానికింద ముప్పై, నలభై మెసేజీలు పడేవి. అడ్మిన్‌గా ఉన్న ఒక ముసలాయన “దయచేసి పాలిటిక్స్ వద్దు” అని రెండుసార్లు పెట్టి, మూడోసారి తనే గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అది కూడా నాకు గెలుపులాగే కనబడింది.

మా అమ్మాయికి కాలేజీలో సీటు వచ్చిందని ఒక శనివారం మధ్యాహ్నం ఆరు కుటుంబాలను భోజనానికి పిలిచాం. అన్నా, వదినా, వాళ్ల అమ్మాయీ అందరికన్నా ముందొచ్చారు. వదిన మా ఆవిడతో కలిసి వంటింట్లో పూరీలు వేయించింది. వాళ్ల అమ్మాయి అప్పుడు టెన్త్ గ్రేడ్. మూడేళ్లప్పుడు వచ్చిన పిల్ల. అచ్చం ఇక్కడ పుట్టిన పిల్లల్లాగే మాట్లాడేది. స్కూల్లో డిబేట్ టీములో ఉండేది. నన్ను చూడగానే “అంకుల్, నాకు ఫైనల్స్ ఉన్నాయి నెక్స్ట్ వీక్, యూ హావ్ టు కమ్” అంది. వస్తానన్నాను.

భోజనాలప్పుడు టీవీలో ఆ వారం విచారణ ముక్కలు చూపిస్తున్నారు. టీవీ పెట్టింది కూడా నేనే. మగవాళ్లం ప్లేట్లు పట్టుకుని సోఫాల్లో కూర్చున్నాం. మాటా మాటా పెరిగింది. ఇద్దరు నా వైపు, ఒకాయన అన్న వైపు, మిగతావాళ్లు పూరీల వైపు. కాసేపటికి అందరూ తగ్గారు, మేమిద్దరమే మిగిలాం.

“ఒక్క మాట చెప్పు తమ్మీ” అన్నాడు అన్న. “మనం గెలిపించుకున్న మనిషిని ఎవడో ఎంక్వైరీ ఆఫీసరొచ్చి దించుతడా? గట్లయితే ఎలక్షన్ ఎందుకు?”

“మనం అంటే ఎవరన్నా?” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. “ఏంది?”

“మనం గెలిపించుకున్నాం అంటున్నావు. నీకు ఓటెక్కడుంది? ఓటు నాకుంది. రేపు నీ ఉద్యోగం పోతే వీసా కూడా పోయి అరవై రోజుల్లో సామాను సర్దుకోవాల్సినవాడివి, ఈ దేశాన్ని ఎవరు ఏలాలో నీకెందుకు? ఇవి సిటిజన్స్‌కి వదిలెయ్.”

వలసవచ్చినవాళ్ల పక్షం అని చెప్పుకుని తిరిగేవాణ్ణి నేను. వాళ్లను చిన్నచూపు చూస్తున్నాడనే ఆ అధ్యక్షుడంటే నాకు మంట. ఆ మంటతోనే ఈ మాటన్నాను. అన్నప్పుడు ఇదేమీ తట్టలేదు. మంచి దెబ్బ తగిలిందనే అనిపించింది.

టీవీలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. మేడమెట్ల మీద ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అన్న కూతురు ఫోన్‌లోంచి తలెత్తి నన్ను చూసింది, తర్వాత వాళ్ల నాన్నను చూసింది.

“నిజమే తమ్మీ” అన్నాడు అన్న. “గది నిజమే.”

ప్లేటులో ఉన్నది మొత్తం తిన్నాడు. సింకు దగ్గరికి వెళ్లి ప్లేటు తనే కడిగాడు. మా ఆవిడతో “చెల్లె, పూరీలు మస్తున్నయ్, కూర ఇంక బాగుంది” అని చెప్పాడు. మా అమ్మాయి తల మీద చెయ్యిపెట్టి మంచిగ చదువుకోమన్నాడు. వదినకూ కూతురికీ సైగ చేసి బయల్దేరాడు. గుమ్మం దగ్గర నాకు కూడా చెప్పే వెళ్లాడు.

అందరూ వెళ్లాక మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, “అక్కడ ఆ పిల్ల ఉంది. చూశారా మీరు?” అంది.

“ఆయనే కదా మొదలుపెట్టింది” అన్నాను.

ఆవిడ నా వైపు తిరగలేదు.

సోమవారం ఏడుంబావుకి లాట్‌లో ఉన్నాను. ఆ వారం నా కారు. ఏడున్నర దాటాక మెసేజ్ వచ్చింది. టైమింగ్స్ మారాయి, నువ్వు వెళ్లిపో తమ్మీ అని. సరే అని టైప్ చేశాను. కోపంగా ఉన్నాడు, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది అనుకున్నాను. నిజానికి ఆయన కోపంగా ఉన్నట్టు ఎప్పుడూ కనబడలేదు. పార్కింగ్ డెక్‌లో రెండుమూడుసార్లు ఎదురుపడ్డాడు. “ఏం తమ్మీ, మంచిదేనా” అని పలకరించి లిఫ్ట్ ఎక్కేవాడు. హైవే మీద ఒక్కోసారి రెండు లేన్ల అవతల ఆయన కారు కనిపించేది. నేను వేగం తగ్గించి వెనక పడిపోయేవాణ్ణి. వాళ్ల అమ్మాయి డిబేట్ ఫైనల్స్‌కి నేను వెళ్లలేదు.

సారీ చెప్పాలని అనుకోకపోలేదు. చెప్తే విచారణ గురించి కూడా ఆయనదే రైటని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని నా భయం. ఈ రెండూ వేర్వేరని నాకు తెలుసు. అయినా విచారణ ముగిసి నేను నెగ్గాక, పెద్దమనసుతో చెబుదామని వాయిదా వేశాను.

విచారణ ముగిసింది. నివేదిక బయటికొచ్చింది. అందులో అధ్యక్షుడు నిర్దోషి అని ఉందని ఒక ఛానెల్, లేదని ఇంకో ఛానెల్. నేను వార్తల్లో వచ్చిన రెండు సారాంశాలు చదివి, మనమే నెగ్గాం అని గ్రూపులో పెట్టాను. అవతలివాళ్లు కూడా మేమే నెగ్గాం అని పెట్టారు. అధ్యక్షుడు ఎక్కడికీ పోలేదు. నెల తిరిగేసరికి ఆఫీసులో కూడా ఆ మాట ఎత్తేవాళ్లు లేరు. నివేదిక వచ్చిన రోజు సాయంత్రం ఫోర్ హండ్రెడ్ మీద ఒక్కణ్ణే కూర్చుని, ఇప్పుడు అన్న ఏమంటాడో అని చాలాసేపు ఆలోచించాను. ఆయనకు ‘చూశావా?’ అని ఒక్క మాట టైప్ చేశాను. చెరిపేశాను.

ఆ తర్వాతి సంవత్సరం అన్న పని చేసే కంపెనీ కాంట్రాక్టర్లను తగ్గించింది. అందులో అన్న ఉద్యోగమూ పోయింది. ఒక గురువారం వదిన మా ఆవిడకు ఫోన్ చేసింది. ఆవిడ నాతో చెప్పింది.

“అక్క వాళ్లాయన రెజ్యూమె పంపింది. మీ కంపెనీలో డేటాబేస్ ఓపెనింగ్ ఉందన్నారు కదా మొన్న. ఫార్వర్డ్ చేస్తారా?”

ఓపెనింగ్ ఉంది. ఆ టీము మేనేజరు నాతో రోజూ కాఫీ తాగే మనిషి. అన్నకు ఆ పని నిద్రలో లేపి అడిగినా వచ్చు.

“ఆయనే అడగొచ్చుగా” అన్నాను. “నా నంబరు లేదా ఆయన దగ్గర?”

“మీ సంగతి తెలిసే అక్క నాకు చేసింది.”

“చేస్తాలే” అన్నాను.

చెయ్యలేదు. వద్దనుకోలేదు, కాదనలేదు. రేపు ఆయనే ఫోన్ చేస్తాడు, అప్పుడు నేనే చొరవగా మాట్లాడి అంతా సరిచేస్తాను అనుకున్నాను. ఫోన్ వస్తుందని చూస్తూ పదకొండు రోజులు గడిపాను. పదకొండో రోజు మా ఆవిడ, “పంపారా?” అని అడిగింది. అప్పుడు ఆమె ముందే కూర్చుని పంపాను. మేనేజరు గంటలో జవాబిచ్చాడు. మంచి రెజ్యూమె, మొన్న శుక్రవారమే వేరేవాళ్లకి ఆఫర్ ఇచ్చేశాం, ఇంకో వారం ముందు పంపి ఉంటే బాగుండేది అని.

ఆ మెయిల్ మా ఆవిడకు చూపించాను. చదివి ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచీ ఈ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

అన్న వాళ్లు కెనడా వెళ్లిపోతున్నారని నెల తర్వాత తెలిసింది. అరవై రోజులు నిండకముందే బయల్దేరారు. పిల్లది లెవెన్త్ గ్రేడ్ మధ్యలో ఉంది. ఇంత త్వరగా కెనడా పేపర్లు ఎలా వచ్చాయని మా ఆవిడ అడిగితే వదిన చెప్పిందట, “గిప్పటియి కావు చెల్లె. మీ ఇంట్ల భోజనానికొచ్చినం సూడు, గా సోమవారమే లాయర్ని కలిసిండు. ఎందుకయ్యా అంటే, ఎప్పుడేమైతదో తెల్వదు, ఒకటి దగ్గరుండాలె అన్నడు” అని. అంటే నేను ఏడున్నర దాకా లాట్‌లో ఎదురుచూసిన పొద్దున ఆయన వెళ్లింది అక్కడికి.

సామాను ఎక్కించే రోజు మా ఆవిడతో కలిసి వెళ్లాను. దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం కట్టి తీసుకెళ్లాం. ట్రక్కు దగ్గర నలుగురైదుగురు స్నేహితులు పెట్టెలు మోస్తున్నారు. నేనూ మోశాను. అన్నా నేనూ ఒక సోఫాను చెరో వైపు పట్టుకుని గరాజ్ దాకా తెచ్చాం. “మెల్లగ, మెల్లగ, మెట్టుంది” అన్నాడు. అంతకన్నా ఏమీ మాట్లాడుకోలేదు. చుట్టూ మనుషులున్నారు కదా, తర్వాత ఫోన్‌లో చెబుదాం అనుకున్నాను. బయల్దేరేముందు చెయ్యి కలిపాడు. “పైలం” అన్నాడు, జాగ్రత్త అని. వాళ్ల అమ్మాయి అప్పటికే కారులో కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది.

తర్వాత ఫోన్ చెయ్యడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది. అదీ నా అంతట నేను చెయ్యలేదు.

పోయిన వేసవిలో వాళ్ల అమ్మాయి పాత స్నేహితురాలి పెళ్లికని అట్లాంటా వచ్చింది. ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. ఇప్పుడు అక్కడ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది. మా ఆవిడ దోసెలు వేస్తుంటే కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పింది. మాటల్లో నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

“డాడీ బాగున్నాడు అంకుల్. స్నో షవల్ చేసి చేసి బ్యాక్ పెయిన్ అంటాడు.” నవ్వింది. “యూ నో, నేను ఈ మేజర్ తీసుకున్నా కదా, అది డాడీ వల్లే. ఆ రిపోర్ట్ వచ్చింది కదా, ప్రెసిడెంట్ రిపోర్ట్? డాడీ మొత్తం ప్రింట్ చేసి చదివాడు. లైక్, ఎంటైర్ థింగ్. ఫుట్‌నోట్స్ కూడా. త్రీ మంత్స్ పట్టింది. అర్థం కాకపోతే నన్ను అడిగేవాడు, మేం లుకప్ చేసేవాళ్లం.”

“మొత్తమా?” అన్నాను.

“అవును! అండ్ హీ చేంజ్డ్ హిజ్ మైండ్, కొన్ని థింగ్స్ మీద. ‘మీ అంకుల్ చెప్పింది ఇక్కడ కరెక్టే, అంకుల్‌కి చెప్పాలి’ అన్నాడు. మార్క్ కూడా చేసి పెట్టాడు పేజెస్. మీకు చెప్పలేదా?”

“లేదమ్మా” అన్నాను.

“మీరు ఏమనుకున్నారు అంకుల్, ఆ రిపోర్ట్ చదివాక?”

దోసె తిరగేస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగింది. నేను చదవలేదని చెప్పాను. ఆ పిల్ల జోక్ అనుకుని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. “ఇట్స్ ఓకే, చాలా లాంగ్ అది” అంది, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఆ మర్నాడు ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని అన్నకు ఫోన్ చేశాను. రెండో రింగుకే తీశాడు.

“నమస్తే. బాగున్నరా?” అన్నాడు.

మా ఇంటిల్లిపాదినీ కలిపి అడుగుతున్నాడనుకున్నాను. వాళ్ల అమ్మాయికి ఆతిథ్యం ఇచ్చినందుకు సంతోషం అన్నాడు. అక్కడి చలికాలం గురించి చెప్పాడు. తర్వాత “మీరు ఇంక అదే కంపెనీల చేస్తున్నరా?” అన్నాడు. అప్పుడు అర్థమైంది. అది నన్నొక్కణ్ణే అన్న ‘మీరు’.

“అన్నా” అన్నాను, “ఆ రోజు మా ఇంట్లో నేనన్న మాటకి నీకు క్షమాపణ చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది.”

“గది తప్పు మాట కాదు” అన్నాడు. “ఉన్నదే చెప్పిండ్రు. గది ఇన్నంకనే నేను కెనడా పేపర్లు పెట్టిన. లేకుంటే ఉద్యోగం పోయిన్నాడు మేం రోడ్డు మీద పడుదుము. ఒక తీరుగ మీరు మంచే చేసిండ్రు.”

“కాదన్నా. నేను మంచి కోసం అనలేదు.”

“తెల్సు” అన్నాడు. “ఒక్కటే. బిడ్డ ముందట అన్నరు. దానికి అప్పటిదాంక తెల్వదు, మాకు అక్కడ పర్మనెంట్ కాదని. మేం చెప్పలేదు, చిన్నపిల్ల, ఎందుకని. ఆ రోజు ఇంటికి పోంగ కార్ల అడిగింది. ‘డాడీ, అంకుల్ అన్నది నిజమేనా, మనం పోవాల్నా’ అని. నేనేం చెప్పాల్నో తెల్వక పాటలు పెట్టిన.”

మళ్లీ ఆయనే, “పోనియ్యండ్రి. అది ఇప్పుడు మంచిగున్నది. అందరం మంచిగున్నం” అన్నాడు. నడుంనొప్పికి ఏం వాడుతున్నాడో అడిగాను. చెప్పాడు. టొరంటో వైపొస్తే ఇంటికి రమ్మన్నాడు. తప్పకుండా అన్నాను. మొత్తం పన్నెండు నిమిషాలు మాట్లాడుకున్నాం.

రెజ్యూమె సంగతి చెప్పలేదు. చెబుదామనే ఫోన్ చేశాను, ఆ పాప మాట విన్నాక ధైర్యం చాలలేదు. ఆ పదకొండు రోజుల గురించి ఆయనకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. వదినకు మా ఆవిడ చెప్పి ఉండదు. ఇది చదివి ఎవరైనా ఆయనకు చెబితే చెప్పనివ్వండి. నేను చెప్పలేకపోయాను.

ఇప్పుడు దేశంలో మళ్లీ ఇంకో విచారణ నడుస్తోంది. గ్రూపులో రోజుకు వంద మెసేజీలు వస్తున్నాయి. ఎవరో నన్ను ట్యాగ్ చేసి, మీరేమంటారు సార్, ఒకప్పుడు బాగా రాసేవారు కదా అని అడిగారు. నేను ఏమీ అనలేదు. ఈసారి నాకు అభిప్రాయం లేక కాదు. ఉంది, పాతదానికన్నా గట్టిదే ఉంది.

లైబ్రరీకి వెళ్లి ఆ పాత నివేదిక తెచ్చుకున్నాను. ఆదివారాలు కాసిని పేజీలు చదువుతున్నాను. నిదానంగా రాసిన పుస్తకం అది. నేను అప్పట్లో గట్టిగా వాదించినవి కొన్ని అందులో అసలు లేవు. అన్న నవ్వుతూ కొట్టిపారేసినవి కొన్ని ఉన్నాయి. ఒక పేజీలో ఓ సాక్షి ముందు ఒక మాట చెప్పి, తర్వాత ఎందుకు మార్చుకున్నాడో రాశారు. చదువుతుంటే అన్నతో మాట్లాడాలనిపించింది. ఆ పేజీ ఫొటో తీసి, ‘అన్నా, ఇక్కడ నాకు నీ మాటే సరైందనిపిస్తోంది, నువ్వు మార్క్ చేసిన పేజీల్లో ఇదుందా?’ అని పంపాను.

చూసినట్టు రెండు నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం, నేను ఆఫీసులో మీటింగులో ఉండగా, బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద ఇంకేమైనా రాస్తాడేమోనని మీటింగు అయ్యేదాకా ఫోన్ బల్ల మీదే పెట్టుకుని చూశాను.